కూతవేటు

మా కార్ఖానా వెనక, పార్కింగు దాటాక,
తారు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట
ఒక ఇనప మేకు. తలకి ఎర్ర రంగు.
ఎనభై ఏడులో మేం చేసిన మొదటి వైర్‌లెస్ మైకు
గొంతుని మోయగలిగింది అక్కడిదాకే.

చెత్తకుండీ అవతల ఇంకోటి, పసుపు.
ముళ్లకంచె దగ్గరది నీలం అంటారు గానీ
న్యూ మెక్సికో ఎండకి ఎప్పుడో తెల్లబడింది.
ఆఖరి మేకు ఎండిన వాగు అవతలి గట్టు మీద,
పుచ్చకాయ పేరు పెట్టుకున్న కొండకేసి చూస్తూ.

ఇన్నేళ్లకి కూతవేటు దూరం
అంత సాగింది.

నా పని నడవడం.
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద అల్యూమినియం పెట్టె
నడుముకి తగిలించుకుని,
బియ్యపు గింజంత మైకు కాలరుకి గుచ్చుకుని,
అంకెలు చదువుతూ నడవడం.
లోపల కిటికీ పక్కన, హెడ్‌ఫోన్లలో, ఎలీసెయో.
బాగుంటే కప్పు మీద దీపం వెలిగిస్తాడు.
మేకు మేకు దగ్గరా ఆగి
నా తాళాల గుత్తి మైకు ముందు ఆడించాలి.
నాసిరకం వైర్‌లెస్ అక్కడే దొరికిపోతుంది,
గలగలని బురదలో తొక్కినట్టు వినిపిస్తుంది.

ఒకప్పుడు నేను తిరిగి రాగానే అడిగేవాడు:
"నిన్నటికన్నా ఒక తాళం ఎక్కువుందే?"
ఉండేది.

మధ్యాహ్నాలు మరమ్మతు.
ఎక్కడెక్కడినుంచో తిరిగొచ్చిన పెట్టెలు విప్పుతాం.
ఒకదాన్లో సముద్రపు ఉప్పు, ఒకదాన్లో పెళ్లికూతురి పౌడరు,
ఒకదాని మూత మీద గుర్రం పళ్ల గాట్లు.
జతచేసిన చీటీలో "వానకి తడిసింది" అని ఉంటే
ఎలీసెయో వాసన చూసి
"బీరు" అనేవాడు.
అన్నిటికన్నా చెడ్డది చెమట.
రాగిని పచ్చగా కొరికేస్తుంది.
అబద్ధమాడేవాళ్ల చెమట ఇంకా త్వరగా కొరుకుతుందట.
నేను నమ్మను.
పూర్తిగా నమ్మకుండానూ లేను.

అక్టోబరులో ఒక పెట్టె బుస కొట్టింది.
సన్నగా, పైన ఎక్కడో,
పాత ఉత్తరం మడత విప్పుతున్నట్టు.
దాని చీటీ మీద "శుభ్రం" అని రాసి
కింద అతని సంతకం.
వారం తిరక్కుండా ఇంకోటి.

మర్నాడు తాళాలు బల్ల సొరుగులో వదిలేసి నడిచాను.
ఎర్ర మేకు దగ్గర ఆగి
ఖాళీ పిడికిలి ఎత్తి ఆడించాను.
దీపం వెలిగింది.
పసుపు దగ్గర, వెలిగింది.
తెల్లబడ్డ నీలం దగ్గర, వెలిగింది.
నా చెయ్యి వింటున్నాడు
కళ్లతో.

వాగు దిగి, ఎక్కి,
ఆఖరి మేకు దగ్గర కార్ఖానాకి వీపు తిప్పాను.
గొంతు తగ్గించాను. లోగొంతు అతనికింకా అందుతుంది,
పైస్థాయే ఎగిరిపోయింది.
"ఎలీసెయో, నా చేతిలో ఏమీ లేదు" అన్నాను.
"ఇంకెవరికీ చెప్పలేదు.
రేపట్నుంచి నువ్వు నడుస్తావా?"

వెనక్కి తిరిగితే దీపం లేదు.
గాలికి ఒక ముళ్లపొద దొర్లుకుంటూ వచ్చి
నా మడమకి తగిలి ఆగింది.
అంకెలు ఎక్కడ ఆపానో గుర్తులేదు,
ముప్పై ఒకటి నుంచి మళ్లీ మొదలెట్టాను.
అరవై దగ్గర వెలిగింది.
వెంటనే ఆరింది.
మళ్లీ వెలిగింది.

హెడ్‌ఫోన్లు పెద్దవి నాకు. జారుతుంటాయి.
వాటిలో ఇవాళ అతని బూటు కింద గులకరాయి,
ఎడమ మోకాలి కిర్రు,
స్పానిష్‌లో అంకెలు. తొందరేం లేదు.
ఎర్రది దాటాడు. పసుపు దాటాడు.
నీలం దగ్గర ఎందుకో దగ్గి, నవ్వాడు.
వాగులో కాసేపు ఊపిరి ఒక్కటే.

ఆఖరి మేకు దగ్గర తాళాలు మోగాయి.
కళ్లు మూసుకున్నాను.
ఒకటి బండిది, బరువుగా.
ఒకటి ఇంటిది కావచ్చు.
ఇంకా మూడో, నాలుగో.
అవి ఏ తలుపులవో
నాకింకా వినిపించడం లేదు.

"ఇంకోసారి" అనబోయి
నా మాట అతనికి చేరదని గుర్తొచ్చి
దీపం వెలిగించాను.